గంగాబాయి చేతి పానకం

మా అత్త గంగాబాయి చేతులు ఏడాది పొడుగునా పచ్చగా ఉండేవి. రైతుల పసుపు కమీషను మీద అమ్మిపెట్టే అడ్తి వాళ్లింట్లో పుట్టి, పసుపు అడ్తి వాళ్లింటికి కోడలిగా వచ్చిన మనిషి. సబ్బు ముట్టేది కాదు. సబ్బులో కొవ్వు కలుపుతారని ఎవరో చెప్పారట, ఇక అంతే. దొడ్డికి పోయి వచ్చినా సరే, ఇంత మట్టి, ఇంత పసుపు రుద్దుకుని చెంబెడు నీళ్లు పోసుకునేది. "పసుపు పడ్డంక ఏ పురుగు బతుకుతది?" అనేది. మా ఆర్మూరులో ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఊరు బతికేదే పసుపు మీద. అన్నం పెట్టేదాన్ని ఎవరనుమానిస్తారు?

నేను అనుమానించాను. అత్తను ఆడిపోసుకునే కోడలని పేరు తెచ్చుకున్నాను. నా పేరు సంగతి వదిలేయండి, నాకు మూడుపూటలా తిండికి లోటు రాలేదు. పేరు పోతే కూడు పోయే మనిషి ఇంకొకతె ఉంది. ఆమె మంగవ్వ.

మంగవ్వ మా దుకాణం ముందు కుండల్లో నీళ్లు నింపేది. మొగుడు బొంబాయి పోయి మళ్లీ ఇటు తిరిగి చూడలేదు. చేనూ లేదు, చెలకా లేదు. ఆమెకున్న ఆస్తల్లా ఒక్కటే, ఆమె పోసిన నీళ్లు నలుగురూ తాగుతారన్న పేరు. దుకాణం కుండల దాకా ఆమె చేతి నీళ్లు పనికొచ్చేవి, మా ఇంట్లో బిందె మాత్రం ముట్టనిచ్చేవాళ్లు కాదు. అదేం లెక్కో నన్నడక్కండి. బజార్లో ఇంకో రెండు దుకాణాలకు కూడా ఆమే నీళ్లు పోసేది. కుండలు తోమితే వాటిలో మొహం చూసుకోవచ్చునన్నట్టు తోమేది.

తొంభయ్యో సంవత్సరం వానాకాలంలో మా అత్తకు జ్వరం పట్టింది. టైఫాయిడ్ అన్నారు. ఎప్పుడూ ఇచ్చే బిళ్లలు ఇచ్చారు, దిగలేదు. మనిషి మంచానికి అంటుకుపోయింది. మా ఆయన పాండురంగం తల్లంటే పడిచచ్చే మనిషి. ఊరి పక్క సిద్ధులగుట్ట ఎక్కి, గుళ్లో మొక్కుకున్నాడు. "మా అమ్మ లేస్తే, ఏటేటా సీజన్ల మా దుకాణానికొచ్చే ప్రతి రైతుకూ ఆమె చేత్తోనే పానకం పోపిస్త" అని. ఆ వారమే హైదరాబాదు నుంచి ఏవో కొత్త బిళ్లలు తెప్పించారు. జ్వరం దిగింది. బిళ్లల పేరు ఎవరికీ గుర్తులేదు, మొక్కు మాత్రం ఊరంతటికీ గుర్తుంది.

పసుపు సీజను అంటే మాఘం నుంచి ఎండాకాలం దాకా. ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టించిన కొమ్ములను బస్తాలకెత్తుకుని రైతులు వస్తారు. బేరం కుదిరేదాకా అడ్తి దుకాణం ముందే వాళ్ల పడక, వాళ్ల ముచ్చట. ఏ దుకాణంలోనైనా చాయ్ ఇస్తారు, బీడీ ఇస్తారు. మా దుకాణంలో ఆ ఏటి నుంచి పానకం. పొద్దున్నే మా అత్త ఇత్తడి గంగాళం ముందు పీట వేసుకుని కూర్చునేది. బెల్లం గడ్డలు నీళ్లలో వేసి, మోచేతి దాకా చెయ్యి ముంచి, గడ్డ గడ్డనూ పిసికి కరిగించేది. మిరియాల పొడి, సొంటి, చివర చిటికెడు పసుపు. గరిటెతో కలపమని నేనోసారి గడప లోపల నుంచి అందిస్తే కసిరింది.

"మొక్కు నా చేతిది. గరిటెది గాదు."

రైతులు ఆ చేతిని కళ్లకద్దుకునేవాళ్లు. చావు అంచు దాకా పోయి తిరిగొచ్చిన మహాతల్లి చెయ్యి. భీమ్‌గల్ దిక్కు నుంచి ముత్తెన్న అనే రైతు వచ్చేవాడు. బండి దిగకముందే అరుగు మీదికి వినబడేలా "తల్లీ, నా గ్లాసు ఏది?" అని కేకేసేవాడు. ఒక గ్లాసుతో ఊరుకునేవాడు కాదు. మా అత్తకూ అతనంటే ముద్దు.

ఇంట్లో మేమెవరం ఆ పానకం తాగేవాళ్లం కాదు. మా ఆయనకు షుగరు. ఇంటి ముందు భాగమే దుకాణం, నేను దాని గడప దాటి అరుగు మీదికి రాకూడదు, ఎక్కడికి పోయినా పెరటి దారే. ఇంట్లో వంట నాది, ఉడికిన కూడు మాది. పచ్చి నీళ్లలో పిసికిన పుణ్యం రైతులది.

మొదటేడు ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది? ఈ రోజు తాగితే ఈ రోజు వాంతి కాదు. రైతు ఇంటికి పోతాడు, వారమో రెండు వారాలో బాగానే తిరుగుతాడు, ఆ తర్వాత జ్వరం. ఆలూరులో ఒకడు, సిరికొండలో ఇద్దరు, భీమ్‌గల్ దిక్కున ఒకడు. ఎవరి ఊరి బావిని వాళ్లు తిట్టుకున్నారు.

మరుసటేడు ముత్తెన్న చచ్చిపోయాడు. జ్వరం వచ్చిన మూడోవారంలో పేగుకు చిల్లు పడింది. ఎడ్లబండిలో ఆర్మూరు తెచ్చేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉందట. మా అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆమె ఏడుపు అబద్ధం కాదు, ఆ మాట కూడా చెప్పాలి.

దత్తాత్రి డాక్టరు ఆర్మూరుకు అప్పటికి కొత్త. బజార్లో మాకున్న ఇంకో ఇంట్లోనే అద్దెకు దవాఖాన పెట్టుకున్నాడు. జ్వరాలన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ఊర్లు వేరు, బావులు వేరు, కులాలు వేరు, దుకాణం ఒక్కటే అని మొదట గమనించింది అతనే. ఒక మధ్యాహ్నం మా ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"సేటూ, రైతుల నీళ్లల్ల, పానకంల చెయ్యి పెట్టేటోళ్లను పరీక్ష చెయ్యాలె. దొడ్డి పరీక్ష. ఒక్కసారి చూస్తే దొరకది, మూడుసార్లు చూడాలె."

చెయ్యి పెట్టేవాళ్లు ఇద్దరే. మంగవ్వ, మా అత్త.

మంగవ్వకు కబురంపితే పరుగెత్తుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోతూ, కొంగు చాటున డబ్బా పట్టుకుని, బజారంతా చూస్తుండగా మూడుసార్లు దవాఖానకు పోయింది. మూడుసార్లూ ఆ డబ్బా పరీక్షకు బస్సులో నిజామాబాదు పోయింది. మా అత్త దగ్గర ఆ మాట ఎత్తగానే ఇల్లు పీకి పందిరేసింది.

"నా వయసుకు, నా దొడ్డి డబ్బాల పెట్టి బస్సుల ఊరేగిస్తర్రా? నాకేం రోగమున్నదిరా? జ్వరమున్నదా, దగ్గున్నదా? పొద్దుగాల లేస్తె నీకంటె ముందు గుట్టెక్కుత!"

మా ఆయన డాక్టరు వైపు తిరిగాడు. "నిజమే గద డాక్టర్ సాబ్. రోగం లేని మనిషికి పరీక్షేంది?"

డాక్టరు లోపలికి వచ్చి మంచినీళ్లడిగాడు. నేను నీళ్లిచ్చి, వెనక వసారాలో నిలబెట్టి అడిగాను.

"నిజం చెప్పు తమ్ముడూ. జ్వరం లేకుండ రోగముంటదా?"

"ఉంటది అక్కా. గదే దీని మాయ." గ్లాసు పట్టుకుని, నాకు ఎట్లా చెప్పాలో వెతుక్కున్నాడు. "మన ఒంట్ల పుట్టుకతోనే వచ్చిన కావలి ఒకటుంటది. నువ్వెవలు, ఏ ఊరు అని అడగది. కొత్త పురుగు కనవడితే పట్టి మింగుతది, కేకలేసి పక్కోళ్లను పిలుస్తది. జ్వరమంటే గా కేకలే. మామూలు విరేచనాల పురుగు జొరబడ్డదనుకో, పేగుల్లనే లొల్లి అయితది, దొరికిపోతది. ఈ టైఫాయిడ్ పురుగు గట్ల రాదు. ఒక గొంగడి కప్పుకొని వస్తది. మార్కెట్ యార్డుల దొంగ గొంగడి కప్పుకొని బస్తాల నడుమ ముడుసుకొని కూసున్నడనుకో, కావలోడు పక్కపొంటి నుంచే పోతడు గద, గట్ల."

"ఎప్పటికన్న దొరకదా మరి?"

"దొరుకుతది. కావలోడు మింగుతడు గూడ. మింగితే మామూలు పురుగు సస్తది, ఇది మాత్రం వాని కడుపుల్నే సంసారం పెడ్తది. కంచే చేను మేసుడంటే గిదే. గా కావలోని కడుపుల కూసొనే ఒళ్లంత తిరిగి కాలేయం దాక పోతది. అప్పుడు ఎక్కువయ్యి జ్వరం పుడ్తది. మందులేస్తె రక్తంల ఉన్నది సస్తది. కాని కొందరికి పిత్తాశయంల రాళ్లుంటయ్. గా రాళ్లకు అంటుకొని ఉన్నదాన్ని ఏ కావలి పట్టది, మందు గూడ సరిగ అందది. మనిషి మంచిగనే ఉంటది, గుట్టలెక్కుతది. కాని ఆమె దొడ్డిల రోజూ పురుగు దిగుతనే ఉంటది. చెయ్యి సరిగ కడగకుంటె..."

అరుగు మీద నుంచి మా అత్త గొంతు వినబడుతోంది. ఎవరికో పానకం పోస్తూ, ఇంకొంచెం తాగమని బతిమాలుతోంది.

ఇది నా కడుపుమంటతో చెప్పే మాట కాదు. నాలుగేళ్ల తర్వాత కడుపునొప్పి వచ్చి హైదరాబాదులో మా అత్తకు పిత్తాశయం కోసి తీశారు. అందులో ఉన్నవి రాళ్లూ, రాళ్లనంటుకుని ఆ పురుగూ. ఆ మాట అక్కడి డాక్టరే నా ముందే మా ఆయనకు చెప్పాడు. మా ఆయన ఆ మాటను కారులోనే వదిలేసి ఇంట్లోకి వచ్చాడు. కానీ తొంభైరెండులో నాకు తెలిసింది దత్తాత్రి వసారాలో చెప్పింది మాత్రమే. అది నాకు చాలింది.

మంగవ్వ పరీక్షలు వచ్చాయి. మూడుసార్లూ ఏమీ లేదు. శుభ్రం.

అయితే బజారు అనుకున్నదేమిటంటే, ఏమీ లేకపోతే మూడుసార్లు ఎందుకు చూశారు? ఒక్కసారి చూసి వదిలేయకపోయారా? గంగాబాయికి పరీక్ష చెయ్యలేదు కాబట్టి ఆమెకు అనుమానం లేదు. మంగవ్వకు చేశారు కాబట్టి ఏదో ఉంది. ఈ తెలివి ముందు ఏ పుస్తకం పనికొస్తుంది? డబ్బా పట్టుకుని పోవడం అందరూ చూశారు, శుభ్రమన్న మాట ఎవరూ వినలేదు. రైతులు గుసగుసలాడటం మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురు బస్తాలు పక్క దుకాణంలో దించారు. మా ఆయనకు చెమటలు పట్టాయి. దుకాణానికి పట్టిన పీడ వదిలిందని చూపించడానికి ఎవరో ఒకరు బయటికి పోవాలి.

మంగవ్వ పోయింది.

"నీళ్ల మనిషిని మార్చినం" అని మా గుమాస్తా హనుమాన్లు అరుగు మీద నిలబడి నలుగురికీ వినబడేలా చెప్పాడు. మిగతా రెండు దుకాణాలవాళ్లు కూడా ఆ పూటే వద్దన్నారు. కొత్తగా వచ్చిన నీళ్ల మనిషి కుండ తోమకుండానే నీళ్లు పోసేది, అయినా ఎవరికీ ఏ బాధా లేదు.

నేను మా ఆయనతో పోట్లాడాను. ఇంటి కప్పు ఎగిరిపోయేలా పోట్లాడాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను.

"గొంగడి కప్పుకొని వస్తదా? మా అమ్మ దొంగనా?" అన్నాడు. నేను చెప్పినదాంట్లో అతనికి వినబడింది అది.

దవాఖానకు పోయి దత్తాత్రిని నిలదీశాను. నువ్వే వచ్చి నలుగురిలో చెప్పమన్నాను. అతను బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్దాడు.

"చెప్పిన గదక్కా సేటుకు. ఒక్కసారి చెప్పిన. దవాఖాన మీ ఇంట్ల నడుస్తున్నది. నన్నేం జెయ్యమంటవ్?"

ఒంట్లో కావలి సంగతి అంత బాగా తెలిసినవాడు. ఊళ్లో కావలి తానేనని మాత్రం తెలియదు. అతని మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక నేను మిగిలిన ఒక్క పనీ చేశాను. మంగవ్వ గుడిసెకు పోయి, అంతా విప్పి చెప్పాను. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ విన్నది. అప్పటికి రెండు వారాలుగా పొయ్యి సరిగా వెలగలేదని ఆ ఇల్లు చూస్తేనే తెలుస్తోంది. చివరికి ఒకటే అడిగింది.

"అంటె చిన్నమ్మా, నా చేతుల ఏం లేదు గద?"

"ఏం లేదు మంగవ్వా."

"గంతే చాలు" అన్నది. తల దించుకుని మళ్లీ ఆకు కత్తిరించింది. కాసేపటికి కత్తెర ఆపి కళ్లు తుడుచుకుంది.

శ్రీరామనవమి వచ్చింది. ఆ రోజు మా దుకాణం ముందు రోజుకన్నా పెద్ద గంగాళం. రాములవారి పెళ్లి చూసి వచ్చేవాళ్లు, సీజను రైతులు, హమాలీలు, అందరికీ మా అత్త చేతి పానకం. కొత్త నీళ్ల మనిషి పని నచ్చకనో, మనసులో ఏ మూలో ముల్లు గుచ్చుకునో, మా ఆయన ముందురోజు హనుమాన్లుతో మంగవ్వకు కబురంపాడు. పండగపూట వచ్చి, అందరి ముందూ పెద్దమ్మ కాళ్లకు దండం పెట్టి, ఆమె చేతి పానకం తాగితే, తెల్లారి నుంచి మళ్లీ పనిలోకి రావచ్చునని. ఒక గ్లాసు తాగితే చాలు. కుండలు తిరిగొస్తాయి, పేరు తిరిగొస్తుంది, పొయ్యి వెలుగుతుంది.

మంగవ్వ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. అరుగు ముందు మెట్టు దగ్గర నిలబడింది. నేను గడప లోపల నుంచి చూస్తున్నాను. తాగకపోతే తిండి లేదు, తాగితే ఏమవుతుందో నేనే చెప్పాను.

"దా మంగవ్వా, దా" అన్నది మా అత్త, నిండు మనసుతోనే. "నేను నీ మీద ఏం పెట్టుకోలె బిడ్డా. కాళ్లకు దండం గూడ వద్దు. తాగు."

గంగాళంలో నుంచి చెయ్యి తీసి, అదే చేత్తో గ్లాసు ముంచి ఇచ్చింది. మోచేతి నుంచి పచ్చటి బెల్లపు నీళ్లు కారుతున్నాయి. మంగవ్వ రెండు చేతులతో గ్లాసు అందుకుంది. అందరూ చూస్తున్నారు. మా ఆయన నవ్వుమొహంతో నిలబడ్డాడు.

మంగవ్వ గ్లాసులోకి చూసింది. తర్వాత మా అత్త మొహంలోకి చూసింది. కోపంగా అనలేదు, కూరగాయల బేరంలా మామూలుగా అన్నది.

"పెద్దమ్మా, నాది మూడుసార్లు చూసిండ్రు. నీది ఒక్కసారి చూపియ్యి. గప్పుడు తాగుత."

గ్లాసు వంచి పానకం మెట్టు మీద పోసింది. చివరి బొట్టు దాకా పోసి, గ్లాసు అరుగు మీద బోర్లించి, వెనక్కి తిరిగి నడిచింది. అందరి నోళ్లూ ఒకేసారి లేచాయి. ఎంత పొగరు, ఎంత బలుపు, పేదోని కోపం పెదవికి చేటు, ప్రసాదం నేలపాలు చేసింది, దీనికి పుట్టగతులుండవు.

నేను గడప దాటాను. పెళ్లయినప్పటి నుంచి దాటని గడప.

"ఆమె చెప్పింది నిజం! తాగకుండ్రి! గా జ్వరాలన్ని గీ గంగాళంల నుంచే వస్తున్నయ్, ముత్తెన్నను మింగింది గిదే!"

ఒక్క క్షణం అందరూ నా వైపు చూశారు. తర్వాత వెనక నుంచి ఎవరో నవ్వారు. "కోడలు గద సేటూ, గట్లనే ఉంటది." ఇంకెవరో సామెత అందుకున్నారు, అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని. నవ్వులు. మా ఆయన నా రెక్క పట్టుకుని గడప లోపలికి నెట్టాడు.

మా అత్త ఏడుస్తోంది. "నేనేం పాపం జేసిన్నయ్యా? నా చేతి నీళ్లు పారవోసింది. నా కోడలే నన్ను..." అని పచ్చటి చేతులతో మొహం కప్పుకుంది.

ఆ ఏడుపు చూసి రైతుల మనసు కరిగిపోయింది. మొదట ముందుకొచ్చింది ముత్తెన్న తమ్ముడు. చచ్చిపోయిన అన్న పసుపు అమ్మడానికి వచ్చినవాడు.

"ఏడ్వకు తల్లీ. గాళ్ల మాటలెవ్వలు వింటరు? మా అన్న నీ పానకమంటె పానమిస్తుండె. నాకింకో గ్లాసు పొయ్యి."

తాగాడు. ఆమె బాధ తీరాలని ఇంకోటి అడిగి తాగాడు. అతని వెనక వరస కట్టారు. మామూలుగా ఒక గ్లాసుతో పోయేవాళ్లు కూడా ఆ రోజు రెండేసి తాగారు. మా అత్త కొంగుతో కళ్లొత్తుకుని, ముక్కు చీది, చెయ్యి మళ్లీ గంగాళంలో ముంచి, కరగని బెల్లం గడ్డలు వెతికి పిసికింది.

అందరికీ పోయడం అయ్యి, అరుగు ఖాళీ అయ్యాక, మెట్టు మీద పానకం పడ్డ చోట పసుపునీళ్లు చల్లమని మా ఆయన నాకు చెప్పాడు. నేను కదల్లేదు. మా అత్తే లేచింది. చెంబులో చిటికెడు పసుపు వేసి, అదే చేత్తో కలిపి, మైల పోవాలని మెట్టంతా చల్లింది. మా బజారు మొత్తంలో పరీక్ష చేసి ఏ రోగమూ లేదని తేల్చిన ఒకే ఒక్క మనిషి నిలబడిన చోటు అది.